స్కోన్ రాని గురువారాలు

సర్క్యులర్ సోమవారం వచ్చింది. రెండే పేరాలు.
వచ్చే నెల ఒకటి నుంచి
తక్కువ దూరం విమానాల్లో, తెరకి ముందు కూర్చునే వాళ్ళకి
మధ్యాహ్నపు టీ సరళం చేస్తున్నాం అని.
సరళం.
మా కంపెనీ భాషలో ఆ మాటకి అర్థం
పింగాణీ పోయి అట్టపెట్టె వస్తుందని.

లండన్ నుంచి అబర్డీన్.
లేచేటప్పుడు బెల్టులు, దిగేటప్పుడు బెల్టులు,
నడుమ మాకు మిగిలేది ముప్ఫై ఒక్క నిమిషాలు.
అందులోనే ఇరవై మందికి
వేలెడేసి శాండ్‌విచ్‌లు, వెచ్చటి స్కోన్,
గడ్డమీగడ, బొటనవేలంత సీసాలో జామ్,
కెటిల్ వంచుతూ "పాలా, నిమ్మా?"
మళ్ళీ పొయ్యడం, మళ్ళీ ఏరడం,
యార్క్ దాటాక కుదుపొస్తే
టీతో పాటు నవ్వూ ఒలక్కుండా పట్టుకోవడం.
పదకొండేళ్ళు చేశాను.
ఆ నడవా పొడవెంతో నా నడుముని అడగండి.

స్కోన్ అంటే బన్ను కాదు, బిస్కెట్టూ కాదు,
రెండింటి మధ్యా మొహమాటంగా ఆగిపోయింది.
ముందు మీగడా, ముందు జామా అన్నది
డెవన్‌కీ కార్న్‌వాల్‌కీ తెగని తగువు.
ఒకసారి రెండో వరసలో ఇద్దరు లాయర్లు
చక్రాలు నేలకి తగిలేదాకా వాదించుకుని
తినడమే మర్చిపోయారు.

మూడో వరస కిటికీ, ప్రతి గురువారం, మిస్టర్ గ్లెనీ.
సముద్రంలో నూనెబావుల వాల్వులు చూసే మనిషి.
టీ ఒక్కటే తాగేవాడు.
స్కోన్‌ని రుమాల్లో చుట్టి, సీసాని కోటు జేబులో వేసుకునేవాడు.
మర్యాదస్తుడు కదా,
ఆకలి కూడా చీకటిపడ్డాకే వేస్తుంది కాబోలు అనుకున్నాను.

కొత్త పెట్టెలో
ఒక గుడ్డు శాండ్‌విచ్ ముక్క, ఒక ఓట్స్ పలక, ఒక చెక్కపుల్ల.
ఆయన మూత తీశాడు,
ఇంకెవరికో వచ్చిన ఉత్తరం పొరపాటున విప్పినట్టు
మెల్లగా మళ్ళీ మూసేశాడు.
"ఇంక స్కోన్లు లేవా?"
"లేవండి."
"ఆహా," అన్నాడు. అంతే.

తొమ్మిది నిమిషాలు ఆదా అయ్యాయట మాకు.
ఆ తొమ్మిది నిమిషాల్లో, ఇన్నేళ్ళకి,
తలుపు కిటికీలోంచి హంబర్ వంతెన చూశాను.
బాగుంది. దాచడం ఎందుకు.

డిసెంబర్లో ఒక రాత్రి సిబ్బంది బస్సు చెడిపోతే
టాక్సీ ఎక్కాను. డ్రైవరు పేరు మర్డో.
ముందు అద్దం కింద వరసగా బుల్లి జామ్ సీసాలు,
ఒకదాన్లో చిల్లర, ఒకదాన్లో పళ్ళపుల్లలు,
ఒకదాన్లో చెవి మిషను బ్యాటరీలు.
నా యూనిఫాం చూసి అడిగాడు,
"గ్లెనీకి ఒంట్లో బాగుందా?
ఐదు గురువారాలైంది నా బండెక్కి.
ఆరింటికి నేను లైన్లోనే ఉంటున్నాను.
బస్సెక్కి పోతున్నాడని ఎవడో అంటే నమ్మలేదు."

నేను చూశాను. పోయిన వారమే.
పెట్టె చంకలో పెట్టుకుని, టాక్సీల వరసకి మొహం తిప్పుకుని
వానలో బస్టాపు వైపు నడిచాడు.
ఏళ్ళ తరబడి ఏదో ఒకటి పట్టుకెళ్ళిన చోటికి
ఒట్టి చేతుల్తో వెళ్ళడం ఎంత కష్టమో.

"ఆయన బాగానే ఉన్నాడు. స్కోనే పోయింది," అన్నాను.

మర్డో వైపర్లు రెండుసార్లు తిరిగేదాకా మాట్లాడలేదు.
"నాకసలు షుగరు. మీగడ ముట్టను.
ఇంటికి తీసికెళ్తే మా ఆవిడ తినేది,
ఎండిపోయిందని ప్రతిసారీ తిడుతూ."
ఇంకో మలుపు తిరిగాక
"ఒట్టి చేతుల్తోనే రమ్మని చెప్పు," అన్నాడు.

గురువారం చెప్పాలి.
ఎలా మొదలెట్టాలో తెలీదు.
తొమ్మిది నిమిషాలైతే ఉన్నాయి.
"పాలా, నిమ్మా?" అనే మొదలెడతాను.